రాత్రంతా ఆడే భజన, పది నిమిషాల స్టేజీ

ఏటా సెప్టెంబరు 2 రాగానే నాకు ఎస్వీ యూనివర్సిటీ గుర్తొస్తుంది. ఆ రోజు మా యూనివర్సిటీ పుట్టినరోజు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాది, 1954లో, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రిగా ఉండగా తిరుపతిలో మొదలైంది. స్థలం తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చింది. గోవిందరాజులు నాయుడు గారు తొలి వైస్ ఛాన్సలర్. అంతకుముందు మా జిల్లా పిల్లలు పెద్ద చదువంటే మద్రాసు రైలెక్కాల్సిందేనని మా తాత చెప్పేవాడు. యూనివర్సిటీ వచ్చాక కూడా పల్లెల్లో ఆడపిల్లలు అంతదాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మా ఇంట్లో నేనే మొదటిదాన్ని.

తొంభైల చివర్లో ఎంఏ తెలుగులో చేరాను. మాది పలమనేరు పక్కన చిన్న పల్లె. బస్సు చిత్తూరు, పూతలపట్టు, పాకాల మీదుగా చంద్రగిరి దాటాక కొండలు దగ్గరికొచ్చేవి, నాకు గుండె దడ మొదలయ్యేది. అప్పటికి అదంతా చిత్తూరు జిల్లానే. 2022లో తిరుపతి వేరే జిల్లా అయినా, మా తరానికి ఇప్పటికీ తిరుపతి అంటే మా జిల్లా ఊరే.

చదువు సంగతి మార్కుల లిస్టులో ఉంది. నేను చెప్పాలనుకున్నది మార్కుల లిస్టులో లేనిది. క్యాంపస్‌లో జరిగే పోటీలు, నాటకాలు, కచేరీలు, క్యాంపులు లేకపోతే నేను ఎంఏ పూర్తి చేసి అదే బస్సులో మా ఊరికి తిరిగొచ్చి ఉండేదాన్ని. నలుగురి ముందు నోరు విప్పడం నేర్చుకున్నది క్లాసులో కాదు.

మా డిపార్ట్‌మెంట్ వరండాలో ఒక నోటీసు బోర్డు ఉండేది. చెక్క ఫ్రేము, ముందర అద్దం, అద్దానికి చిన్న తాళం. లోపల టైపు కొట్టిన కాగితాలు ఒకదాని మీద ఒకటి గుండుసూదులతో గుచ్చి ఉండేవి. పరీక్ష ఫీజు ఆఖరు తేదీ, యూజీసీ నెట్ నోటిఫికేషను, వ్యాసరచన పోటీ, రక్తదాన శిబిరం, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, యువజనోత్సవాల సెలక్షన్లు అన్నీ అక్కడే. పైనున్న కాగితం అందరూ చదివేవాళ్లు. కిందిది చదవాలంటే మెడ వంచి పక్కనుంచి చూడాలి. మంచి అవకాశాలు ఎందుకో ఎప్పుడూ కింది కాగితాల్లోనే ఉండేవి. సెల్‌ఫోన్లు లేని కాలం. ఆ బోర్డు చూడకపోతే, చూసిన సీనియర్ ఎవరైనా చెప్పకపోతే, మనకు ఏదీ తెలిసేది కాదు.

నాకు చెప్పిన సీనియర్ పీలేరక్క. హాస్టల్లో మేమందరం ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. పీలేరక్క, వాయల్పాడు పిల్ల, నగరి పాప, నేను పలమనేరు పాప. అక్క మిమిక్రీ బాగా చేసేది. మెస్సులో నెల ఖర్చంతా అందరికీ పంచే డివైడింగ్ సిస్టమ్ కాబట్టి నెలాఖరుకు బిల్లు ఎంతొస్తుందోనని అందరం టెన్షన్ పడుతుంటే, వార్డెన్ గొంతుతో బిల్లు చదివి అందర్నీ నవ్వించేది. ఒకరోజు రాత్రి అన్నం తింటూ అడిగింది.

"పాపా, మీ ఊర్లో తిరునాళ్లకు ఏమాడతారు?"

"చెక్కభజన అక్కా. మా మామే గురువు."

"నీకొచ్చా?"

"ఆడవాళ్లం ఆడం కదక్కా. చూస్తాం. పాటలన్నీ నోటికొచ్చు."

అక్క ఇంకేం అడగలేదు. మర్నాడు డిపార్ట్‌మెంటుకు పోయేసరికి జానపద నృత్యం లిస్టులో నా పేరు రాసుంది.

యువజనోత్సవాల పద్ధతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ముందు యూనివర్సిటీ లోపల పోటీలు జరుగుతాయి. అందులో ఎంపికైనవాళ్లు జోన్ స్థాయికి పోతారు, అప్పట్లో మనది సౌత్ జోన్. అక్కడ గెలిస్తే జాతీయ స్థాయి. ఇదంతా భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం కింద నడుస్తుంది. పాట, నృత్యం, నాటకం, సాహిత్యం, చిత్రకళ అని విభాగాలు. ఏకాంక నాటిక, స్కిట్, మైమ్, మిమిక్రీ, క్విజ్, వక్తృత్వం, మట్టిబొమ్మలు చేయడం, కార్టూన్, రంగవల్లి... ఏదో ఒకటి చేతనైనవాళ్లందరికీ అందులో చోటుంది. జానపద నృత్యానికి మాత్రం పదిమందికి మించకూడదు, పది నిమిషాలకు మించకూడదు.

చెక్కభజన చూసినవాళ్లకు ఈ పది నిమిషాల కష్టం అర్థమవుతుంది. మా ఊర్లో రాములగుడి ముందర దీపపు సెమ్మె పెట్టి, దాని చుట్టూ తిరుగుతూ రాత్రి భోజనాలయ్యాక మొదలుపెడితే కోడి కూసేదాకా ఆడతారు. మధ్యలో కాఫీలు, చెనిక్కాయలు. అలిసినవాడు పక్కకొస్తే ఇంకొకడు చెక్కలు అందుకుంటాడు. మేం అరుగుల మీద దుప్పట్లు కప్పుకుని చూస్తూ నిద్రపోయి, గజ్జెల జోరుకు మళ్లీ లేచి చూసేవాళ్లం.

మామకు ఉత్తరం రాశాను. వస్తాడని నమ్మకం లేదు. ఆదివారం పొద్దున్నే మొదటి బస్సులో గోనెసంచి భుజాన వేసుకుని దిగాడు. సంచి నిండా చెక్కలు. లేడీస్ హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే, "మా కోడలు సదువుకుంటాండాది సామీ, బజన నేర్పను వొచ్చినా" అని ఎంత గర్వంగా చెప్పాడో నాకింకా చెవుల్లో ఉంది.

తీరా చెట్ల కిందికి తీసుకుపోయి మా జట్టును చూపిస్తే మామ మొహం మారింది. ఆరుగురు ఆడపిల్లలం, నలుగురు మగపిల్లలు.

"ఆడపిల్లోళ్లు చెక్కలు పట్టేదేంది పాపా?"

నేను నేల చూశాను. పీలేరక్క మాత్రం, "మామా, మా అమ్మ కొడవలి పడ్తాది, పార పడ్తాది. చెక్కలు పట్టకూడదని యాడుంది?" అంది. మామ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత సంచి విప్పి, అన్నిటికంటే చిన్నవి, తేలికవి ఏరి మా చేతుల్లో పెట్టాడు. ఆయన ఒప్పుకున్నాడనడానికి అదే గుర్తు.

చెక్కల గురించి చెప్పాలి. మూరెడు కంటే కొంచెం తక్కువ పొడవుండే రెండు కొయ్య పలకలు. వాటి మధ్య సందుల్లో ఇత్తడి బిళ్లలు. రెండూ ఒకే చేతిలో, ఒకటి బొటనవేలికి, ఇంకొకటి మిగతా వేళ్లకు పట్టించి ఆడించాలి. మొదట్లో చప్పుడే రాదు. వచ్చినా బిళ్లల మోత, కొయ్య మోత వేర్వేరుగా వస్తాయి. రెండూ ఒక్కటిగా మోగేసరికి బొటనవేలి మొదట్లో బొబ్బలు లేచాయి. మామ ఆముదం రాయమన్నాడు. చేయి కుదిరాక కాళ్లు మొదలు. అడుగు, తిరుగుడు, వంగుడు, ఎదురెదురు జోడీలు. కాళ్లు చూసుకుంటూ ఆడుతుంటే మామకు కోపం వచ్చేది. "కాళ్లతో కాదు పాపా, సెవులతో ఎయ్యాల అడుగు. పక్కదాని చెక్క ఇనబడలేదా నీకు?"

పది నిమిషాల సంగతి చెప్పినప్పుడు అసలు గొడవ మొదలైంది. "రాత్రంతా ఆడేదాన్ని పది నిమిసాల్లో ఆడమంటే అది బజనా, బస్టాండా?" అన్నాడు. మా జట్టులో ఒకబ్బాయి, ముందున్న నిదానం భాగం తీసేసి నేరుగా జోరుగా ఉండేది ఆడదాం, జడ్జీలకు అదే నచ్చుతుంది అన్నాడు. మామ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమంతా చెట్టుకింద కూర్చుని బీడీ కూడా మర్చిపోయి లెక్కలు వేశాడు. చివరికి ఆయన చేసింది ఇదీ. ప్రార్థన ఉంచాడు. నిదానం ఉంచాడు. మధ్యలో మళ్లీ మళ్లీ వచ్చే చరణాలు తీసేశాడు. నిదానం నుంచి జోరుకు ఎక్కే మెట్లు మాత్రం ఒక్కటీ తీయలేదు. "నిదానం సూడనోనికి జోరు యాడ తెలుస్తాదిరా" అని ఆ అబ్బాయికి చెప్పాడు. నేను తర్వాత ఎన్నో పుస్తకాల్లో లయ గురించి చదివాను. ఆ సాయంత్రం చెట్టుకింద విన్నంత సూటిగా ఎక్కడా చదవలేదు.

యూనివర్సిటీ పోటీలు శ్రీనివాస ఆడిటోరియంలో. అంత పెద్ద స్టేజీ మీదికి ఎక్కడం నాకదే మొదటిసారి. లైట్ల వెలుగుకు ఎదురుగా ఎవరూ కనపడలేదు, అదొక అదృష్టం. వెనక మామ ఒక్కడే తాళం పట్టుకుని కూర్చున్నాడు. ప్రార్థన అయ్యేసరికి హాల్లో ఈలలు ఆగిపోయాయి. జోరు అందుకున్నాక ఎవరో వెనక వరసలోంచి "రామా" అని గొంతెత్తారు. ఆ గొంతు మా పల్లెల గొంతు. హాల్లో సగం మంది అలాంటి భజనలు చూస్తూ పెరిగినవాళ్లేనని అప్పుడు తెలిసింది. మాకు మొదటి బహుమతి వచ్చింది.

సౌత్ జోన్ పోటీలు పక్క రాష్ట్రంలో. స్లీపర్ బోగీలో చెక్కల సంచి, రంగవల్లి రంగుల డబ్బాలు, మట్టిబొమ్మల వాళ్ల మట్టి, నాటకం వాళ్ల పెట్టెలు. దారంతా పాటలే. అక్కడ తమిళనాడు పిల్లల కరగం చూశాం, కర్ణాటక వాళ్ల డొళ్లు కుణిత చూశాం. నడుముకు అంతంత డోళ్లు కట్టుకుని ఎగురుతుంటే నేల అదిరింది. మాకు బహుమతి రాలేదు. కానీ ఆ డోలు వాయించే కన్నడ అబ్బాయి మా దగ్గరికొచ్చి, చెక్కలు అడిగి తీసుకుని, పట్టు కుదిరేదాకా కదల్లేదు. బదులుగా మాకు డోలు మీద రెండు దెబ్బలు నేర్పాడు. భాష తెలియకపోయినా వాళ్లతో అర్ధరాత్రి దాకా మాట్లాడుతూనే ఉన్నాం.

క్యాంపస్ బయట తిరుపతి ఊరే ఇంకో పెద్ద బడి. ఒకే ఊర్లో ఎస్వీ యూనివర్సిటీ, 1983లో ఎన్టీ రామారావు గారు పెట్టించిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, అప్పటి సంస్కృత విద్యాపీఠం, టీటీడీ సంగీత నృత్య కళాశాల. ఇన్ని చోట్ల ఇంతమంది విద్యార్థులున్న ఊరు రాయలసీమలో ఇంకొకటి లేదు. ఒకరి ఫంక్షన్‌కు ఒకరం పోయేవాళ్లం. విద్యాపీఠం పిల్లలు సంస్కృతంలో నాటకం వేస్తే, సగం అర్థం కాకపోయినా చివరిదాకా చూసొచ్చాం.

అన్నమాచార్య కళామందిరంలో కచేరీలకు టిక్కెట్టు లేదు. మాలాంటి వాళ్లకు అంతకంటే ఏం కావాలి? చప్పట్లు కొట్టడం ఎప్పుడో కూడా తెలియకుండా పోయి కూర్చునేవాళ్లం. పక్కన కూర్చున్న పెద్దావిడెవరో తొడమీద తాళం వేస్తుంటే చూసి ఆదితాళం నేర్చుకున్నాను. హాస్టల్ గేటు మూసే టైము ముంచుకొస్తే మంగళం పాడకముందే లేచి పరుగు.

ఆ పాటల వెనక ఉన్న కథ మా క్యాంపస్‌తో ముడిపడి ఉందని ఒక మాస్టారు క్లాసులో చెప్పారు. అన్నమయ్య కీర్తనల రాగిరేకులు తిరుమల గుళ్లో ఒక అరలో శతాబ్దాలు ఉండిపోయి, 1922లో బయటపడ్డాయి. 12 వేలకు పైగా కీర్తనలు. వాటిని చదివి, పరిష్కరించి, అచ్చు వేయించిన పండితుల్లో వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ముఖ్యులు. రాళ్లపల్లి వారు ఎన్నో కీర్తనలకు స్వరాలు కూడా కూర్చారు. వీళ్లు పనిచేసిన ప్రాచ్య పరిశోధన సంస్థను టీటీడీ 1939లో మొదలుపెడితే, 1956లో అది యూనివర్సిటీ చేతికి వచ్చింది. ఆ మాస్టారే మమ్మల్ని అక్కడికి తీసుకుపోయి తాళపత్రాలు చూపించారు. గంటంతో గీసిన అక్షరం వట్టి కంటికి సరిగా కనపడదు. నల్లమసి పూసి తుడిస్తే గీతల్లో మసి నిలబడి అక్షరం పైకి తేలుతుంది. మా క్లాసులో ఒకబ్బాయి అది చూసి అక్కడే ఆగిపోయాడు. రాతప్రతుల మీదే పరిశోధన చేశాడు. ఆరోజు ఆ మాస్టారు మమ్మల్ని క్లాసులోనే కూర్చోబెట్టి ఉంటే ఆ అబ్బాయి ఇంకేదో చేసుండేవాడు.

మే నెలలో గంగజాతర. పరీక్షల టెన్షన్ ఒకవైపు, జాతర ఒకవైపు. మాకు జానపద విజ్ఞానం ఒక పేపరు కాబట్టి నోటు పుస్తకాలు పట్టుకుని తాతయ్యగుంట వీధుల్లో తిరిగే భాగ్యం దక్కింది. ఆడవాళ్లను చెరిచే పాలెగాణ్ణి వెతుక్కుంటూ గంగమ్మ రోజుకో వేషంలో తిరిగిందని కథ. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి... ఆ వేషాలన్నీ జనం కడతారు. మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. మేం ఒక ఇంటి ముందు నిలబడి వేషం వేయించుకుంటున్న ఆయన్ని ప్రశ్నలడుగుతుంటే, లోపల్నుంచి అవ్వ ఒకామె చెంబు తీసుకొచ్చి, "రాసుకునేది తర్వాత రాసుకుందురు, ముందు అంబలి తాగండి తల్లీ" అంది. మజ్జిగ, ఎర్రగడ్డ ముక్కలు వేసిన రాగంబలి. ఎండలో ఆ అంబలి రుచి ఇంకా నాలుక మీదుంది.

ఎన్‌ఎస్‌ఎస్ గురించి క్లుప్తంగా చెబుతాను. గాంధీ గారి శతజయంతి ఏడాది, 1969లో మొదలైన పథకం. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. చంద్రగిరి పక్క పల్లెలో మా శిబిరం. పగలు కాలువ పూడిక తీశాం, రాత్రి బడి ముందు స్కిట్లు వేశాం. అక్కడ సర్టిఫికెట్టు కంటే నాకు పనికొచ్చింది, ముక్కూ మొహం తెలియని ఊరి పెద్దమనిషితో మాట కలపడం.

రేడియో మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా బతుకుదారి అక్కడ మలుపు తిరిగింది. తిరుపతి ఆకాశవాణిలో కుర్రవాళ్ల కార్యక్రమం యువవాణికి గొంతు పరీక్ష అని నోటీసు బోర్డులో కింది కాగితం. ఈసారి పీలేరక్క చెప్పాల్సిన పని లేకుండా నేనే మెడ వంచి చదువుకున్నాను. చెక్కభజన మీద చిన్న ప్రసంగం రాసుకుపోయాను. స్టూడియోలో తలుపు మూయగానే బయటి లోకం ఆగిపోయినట్టుంటుంది, మన ఊపిరి మనకే వినిపిస్తుంది. అక్కడి మేడమ్ నా కాగితాలకున్న పిన్ను పీకేసి, "అమ్మా, పేజీ తిప్పొద్దు, చదివింది పక్కకు జరుపు. కాగితం చప్పుడు మైకు పట్టేస్తుంది. ఎదురుగా ఒక్కరే కూర్చున్నారనుకుని చెప్పు" అంది. నేను మా మామను కూర్చోబెట్టుకున్నాను. ఎర్రలైటు వెలిగింది.

ప్రసారమైన రోజు మా ఊర్లో రాములగుడి దగ్గర రేడియో పెట్టి అందరూ విన్నారట. కొన్నాళ్లకు చెక్కు వచ్చింది. దాన్ని మార్చుకోవడానికే నా పేరున బ్యాంకు ఖాతా తెరిచాను. ఆ డబ్బులతో మామకు పంచెల చాపు, పీలేరక్కకు ఒక పెన్ను కొన్నాను. ఆ తర్వాత క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాను, అక్కణ్నుంచి ఉద్యోగాల ఇంటర్వ్యూలకు భయం లేకుండా పోయాను. ఇప్పుడు తెలుగు పాఠాలు చెబుతున్నాను.

మా జట్టులో నలుగురు టీచర్లయ్యారు. నగరి పాప పోలీసు ఉద్యోగంలో ఉంది. పీలేరక్క గ్రూప్స్ రాసి ఆఫీసరైంది, ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు ఎవరి గొంతో పెట్టి నన్ను తికమక పెడుతుంది. మామ ఊరికి పోయాక ఏడాది తిరక్కముందే మా వీధి ఆడపిల్లల్ని పిలిచి చెక్కలు చేతికిచ్చాడు. ఊర్లో గుసగుసలు లేచినా, "యూనివర్సిటీలో ఆడపిల్లోళ్లు ఆడితే హాలంతా లేచి నిలబడింది, మీకేమైంది" అని నోళ్లు మూయించాడట. బ్రహ్మోత్సవాల్లో వాహనసేవ ముందర ఆడవాళ్ల భజన బృందాలు కోలాటం, చెక్కభజన ఆడుతూ పోతుంటే ఇవాళ ఎవరూ వింతగా చూడరు. ఆయన ఉన్నప్పుడే మా ఊరి ఆడవాళ్ల జట్టు కూడా మాడవీధుల్లో ఆడింది. ఆ రోజు మామ గ్యాలరీలో నిలబడి వాహనం కంటే ముందు వాళ్ల అడుగులే చూశాడని మా అమ్మ చెబుతుంది.

నా తమ్ముడి కూతురు ఈ ఏడాది ఎస్వీయూలో ఎమ్మెస్సీలో చేరింది. నోటీసులన్నీ ఇప్పుడు ఫోన్‌కే వస్తాయట. వందల మెసేజీల కింద పడి పోతాయి కూడా. నేను రోజూ రాత్రి ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నాను, "యువజనోత్సవాల సెలక్షన్లు ఎప్పుడంట?" దానికి డాన్సు రాదు, గొంతు లేదు, కానీ చిన్నప్పట్నుంచి మట్టితో బొమ్మలు చేస్తుంది. పలమనేరు దగ్గర మట్టి ఎంత మంచిదో బొమ్మలు చేసేవాళ్లకు తెలుసు. మొన్న పండక్కి వచ్చి ఒక మూట కట్టుకుపోయింది. పేరు ఇచ్చిందట. పోటీ తేదీ తెలిస్తే సెలవు పెట్టి పోదామని పీలేరక్క, నేను అనుకున్నాం.